నా పెళ్లికి నేను హాజరయ్యానని ధ్రువీకరించుట గురించి

కుటుంబ నివాస అనుమతుల విభాగం ప్రధానాధికారి గారి సముఖమునకు,
(రెండో అంతస్తు, లిఫ్టు పనిచేయని వైపు)

ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు సమర్పించుకుంటున్న అర్జీ.

అయ్యా,

విషయం: విదేశంలో ఉద్యోగం చేయుచున్న భార్య వద్ద నివసించుటకు భర్త పెట్టుకున్న దరఖాస్తు – పెళ్లిలో వరుడు ఉన్నట్లు ఆధారము లేదని ఒకసారి, భార్యాభర్తల జవాబులకు పొంతన లేదని మరొకసారి తిరస్కరించుట – పునఃపరిశీలన కోరుట – గురించి.

సూచిక: తమ కార్యాలయపు తిరస్కరణ పత్రాలు రెండు. తమ గుమాస్తా గారు నోటిమాటగా దయచేసిన సలహాలు అనేకం.

పై విషయమునకు సంబంధించి తమకు మనవి చేసుకొనునది ఏమనగా, నేను ఈ ఊళ్లో పెళ్లిళ్లకు ఫొటోలు తీసి బతుకుతున్నవాడిని. పెళ్లిళ్లు లేని రోజుల్లో పాస్‌పోర్టు ఫొటోలు తీస్తాను. తమ బల్ల మీదికి వచ్చే దరఖాస్తుల్లో చెవులు రెండూ కనబడుతూ, పళ్లు కనబడకుండా, అప్పుడే ఏదో చెడ్డవార్త విన్నట్లు ఉండే ముఖాల్లో సగం నా స్టూడియోలో తయారైనవే. ఆ విధంగా తమకూ నాకూ పాత పరిచయమే అనుకోవచ్చు. నా భార్య కట్టుడు పళ్లు తయారు చేయడంలో నిపుణురాలు. తమ దేశంలో ఆ పనికి మనుషులు చాలడం లేదని తమవాళ్లే పిలిచి, తమవాళ్లే పరీక్ష పెట్టి, తమవాళ్లే ఉద్యోగమిచ్చి మూడేళ్ల కిందట తీసుకెళ్లారు. ఆమె వెళ్లడానికి పట్టిన సమయంలో నేను ఒక ఆల్బం కూడా పూర్తి చేయలేకపోయాను. భర్త విషయానికి వచ్చేసరికి మాత్రం తమ కార్యాలయానికి ఎక్కడలేని జాగ్రత్తా వచ్చింది. నా ఇబ్బందులు ఈ దిగువ వరుస నంబర్లతో విన్నవించుకుంటున్నాను.

1. నా పెళ్లికి ఫొటోలు తీయడానికి మా వృత్తిలోనే ఉన్న ఒక స్నేహితుణ్ణి కుదుర్చుకున్నాను. ఆయనకు తలలు నరికే అలవాటుంది. మనుషులవి కాదు, ఫొటోల్లోవి. చెప్పులు అద్భుతంగా వస్తాయి, పైన తలకాయ ఉండదు. స్నేహితుడు కదా, నా పెళ్లికైనా కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని తీస్తాడులే అనుకున్నాను. వేదిక మీద కూర్చుని నేను చూస్తుండగానే ఆయన మా అత్తగారి వైపు బంధువులందరినీ పెద్ద కిటికీకి వీపు పెట్టించి నిలబెట్టాడు. వెలుతురు వెనకనుంచి కొడితే ముఖాలన్నీ మాడిపోతాయి. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నవాడెవడూ అది చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోలేడు. లేచి వెళ్లి, రెండు నిమిషాలని చెప్పి కెమెరా తీసుకున్నాను. మళ్లీ ఆయనకు ఇచ్చింది భోజనాలు అయ్యాక.

మధ్యలో మా అత్తగారు వేదిక మెట్ల దగ్గర నన్ను ఆపేశారు.

“అల్లుడూ, నువ్వు పెళ్లి చేసుకోవడానికొచ్చావా, ఫొటోలు తీయడానికొచ్చావా?”

“ఒక్క నిమిషం అత్తయ్యా, మీరు కొంచెం ఎడమకి జరగండి.”

పెళ్లికూతురే నా తరఫున మాట్లాడింది. “పోనీలేమ్మా. ఇంతమందిలో నన్ను సరిగ్గా చూస్తున్నది ఆయనొక్కడే” అంది.

ఇందువలన తెలియజేయునది ఏమనగా, ఆ పెళ్లిలో ప్రతివారి తలకాయా యథాస్థానంలో వచ్చింది. నాది తప్ప.

2. ఆల్బం తమ కార్యాలయంలో దాఖలు చేశాను. కళ్లద్దాలు ముక్కు చివరికి దించుకుని పైనుంచి చూసే గుమాస్తా గారు పేజీలన్నీ తిరగేశారు. వెనకనుంచి ముందుకు మరోసారి తిరగేశారు. తరువాత గాజు తలుపుకున్న కన్నంలోంచి జరిగిన సంభాషణ ఇది.

“ఈవిడ ఎవర్ని చూసి నవ్వుతోంది?”

“నన్నేనండి.”

“మీరెక్కడున్నారు?”

“ఇవతల.”

“ఇవతలంటే?”

“ఇప్పుడు మీరు కూర్చున్న చోటండి.”

గుమాస్తా గారు తన కుర్చీకి అటూ ఇటూ చూసుకుని, కొంచెం ఇబ్బందిపడి, ఆల్బం మూసేశారు. వరుడు కనబడుట లేదు అని రాసుకున్నారు. బంధువుల ఫోన్లలోనైనా ఉంటానని ఇల్లిల్లూ తిరిగి వెతికాను. ఉన్నాను. ప్రతిదాంట్లోనూ కెమెరా ముఖానికి అడ్డంగా ఉంది. తమ నిబంధనల ప్రకారం చెవులు రెండూ స్పష్టంగా కనబడుతున్నాయని మనవి చేశాను. చెవులతో ఏం గుర్తుపడతామన్నారు. మరి ఇన్నేళ్లుగా జనం జుట్టు వెనక్కి దువ్వించి, చెవులు బయటపెట్టించి నాచేత ఎందుకు ఫొటోలు తీయిస్తున్నారో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

రిజిస్ట్రారు గారి పత్రం ఉంది కదా అన్నాను. పెళ్లయిందని ఆ పత్రం చెబుతుంది, కాపురం ఉందని చెప్పదు అన్నారు. సరే, సాక్షిని తెమ్మంటే మా అత్తగారిని తీసుకొచ్చాను. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, తమ లిఫ్టు సంగతి తమకు తెలిసిందే. ప్రమాణం చేయించి అడిగారు. అబద్ధమాడటం ఆవిడ ఒంట్లో లేదు.

“పెళ్లికొడుకు మొహం పెళ్లిలో చూశానో లేదో చెప్పలేను బాబూ. వీపు మాత్రం బాగా గుర్తుంది” అన్నారు.

గుమాస్తా గారు వీపును రికార్డు చేశారు. నేను తెల్లమొహం వేసుకుని నిలబడితే, పోనీలే అని జాలిపడి గొంతు తగ్గించి ఒక సలహా ఇచ్చారు. “ఫొటోగ్రాఫరేగా మీరు? ఆ పక్కన మిమ్మల్ని మీరే అతికించుకోవచ్చుగా?” అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఊళ్లో వాళ్ల ముఖాల మీద మచ్చలు తీసేవాణ్ణే కానీ, నా పెళ్లిలోకి నేనే దొడ్డిదారిన దూరాల్సిన ఖర్మ నాకు లేదు. ఆ మాట పైకి అనలేదు. అనకపోయినా మొదటి తిరస్కరణ వచ్చింది.

3. రెండోసారి దరఖాస్తు చేసినప్పుడు కొత్త చిక్కు వచ్చింది. ఆ పత్రంలో నా పేరు పక్కన “ఆధారపడిన భర్త” అని ఉంటుంది. అందులో నాకు నామోషీ ఏమీ లేదు. ఆమె పోట్లాడకపోతే కరెంటు బిల్లు కట్టడం కూడా గుర్తుండని మనిషిని, అన్నివిధాలా ఆధారపడినవాడినే. అయితే గుమాస్తా గారు దానికి రుజువు అడిగారు. స్టూడియో ఉంది కాబట్టి నీకు సంపాదన ఉంది, సంపాదన ఉంటే ఆధారపడినవాడివి కావు అన్నారు. ఈమధ్య జనం ఫోన్లతోనే కానిచ్చేస్తున్నారు, స్టూడియో ఈగలు తోలుకుంటోంది అన్నాను. అలాగైతే నువ్వు అక్కడికెళ్లి ఆ దేశానికి భారమవుతావు అన్నారు. బాగా సంపాదిస్తే వెళ్లకూడదు, సంపాదించకపోతే అసలే వెళ్లకూడదు. రెంటికీ మధ్య ఎంత సంపాదించే మగవాణ్ణి తమ దేశం సహిస్తుందో ఒక బోర్డు మీద రాయించి పెడితే మాలాంటివాళ్లు దాని ప్రకారం బతుకు సర్దుకుంటారు. స్టూడియో పక్కన సెలూన్ నడిపే ఆయన ఈ సంగతి విని, “పెళ్లాం మీద ఆధారపడ్డట్టు కాగితమే కదా, మా ఆవిడనడుగు, రోజూ పొద్దున్నే నాకు నోటితో ఇస్తూనే ఉంటుంది” అన్నాడు. ఇది ఫిర్యాదు కాదు. సమాచారం నిమిత్తం మాత్రమే.

4. తమ నిరీక్షణ గదిలో కుర్చీలు ఒకదానికొకటి ఇనుప కడ్డీతో బిగించి ఉన్నాయి. ఒకరు లేస్తే వరుసంతా ఊగుతుంది. కుటుంబాలను కలపడానికి తమ కార్యాలయం చేసిన ప్రయత్నాల్లో నా కంటికి కనబడింది ఇదొక్కటే.

5. ఆ కుర్చీల్లోనే, ఇంటర్వ్యూ రోజున, నా పక్కన ఒక జంట కూర్చున్నారు. ఇద్దరికీ నల్లకళ్లద్దాలు. ఆ అమ్మాయి ఉద్యోగం అక్కడే, ఈ ఇంటర్వ్యూ కోసం సెలవు పెట్టి వచ్చిందట. ఇతను ఇక్కడివాడు. వీళ్లు అంతకుముందు నా స్టూడియోకి వచ్చారు. పాత తేదీ పడేలా ఓ పెళ్లి ఆల్బం తయారు చేసిపెట్టమన్నారు. కుదరదని పంపించేశాను. తలలు నరికే నా స్నేహితుడి దగ్గరికి పోయినట్లున్నారు. ఆల్బంలో తలలు లేకపోవడం వీళ్లకు బాగా కలిసొచ్చి ఉంటుంది. ఇప్పుడు పక్కపక్కనే కూర్చుని పరీక్షకు చదువుకుంటున్నారు.

“నాకు ఇష్టమైన రంగు?”

“ఆకుపచ్చ.”

“అబ్బా, ఆకుపచ్చ మా అన్నయ్యకి. నాకు నీలం.”

“మీకు అన్నయ్య ఉన్నాడా?”

“ఉన్నాడు. నిన్ననేగా చెప్పాను!”

వీళ్లు లోపలికి వెళ్లి వచ్చారు. అచ్చు గుద్దినట్లు జవాబులన్నీ సరిపోయాయని గుమాస్తా గారు స్వయంగా లేచి అభినందించారు. నీలం చెప్పిన ఆయన, ఆకుపచ్చ చెప్పిన ఆవిడ ఇప్పుడు తమ దేశంలో ఉన్నారు. కలిసి ఉన్నారో లేదో నాకు తెలియదు. తమ రికార్డుల్లో మాత్రం అంత అన్యోన్యమైన దంపతులు మరొకరు లేరు.

6. మా వంతు వచ్చింది. ఇక్కడ గదిలో నేను, అక్కడ తమ దేశపు గదిలో ఆమె, ఇద్దరికీ ఒకటే ప్రశ్నలు. కొన్ని వారాల తరువాత నన్ను పిలిచి గుమాస్తా గారు తేడాలు చదివి వినిపించారు. ఇద్దరిలో గురక పెట్టేదెవరు అన్నదానికి, ఆమె అని నేను చెప్పాను. నేనని ఆమె చెప్పింది. ఈ విషయంలో తమకు ఎలాంటి సహాయమూ చేయలేను, ఎందుకంటే నేను చెప్పిందే నిజం. ఆఖరిసారి ఎప్పుడు గొడవపడ్డారు అన్నదానికి, మాకు గొడవలే లేవండి అని పరువు కోసం చెప్పాను. “నిన్న. ఈ ఇంటర్వ్యూకి ఆయన ఏ చొక్కా వేసుకోవాలన్నదాని మీద” అని ఆమె చెప్పింది. టీలో రెండు చెంచాల చక్కెర అని నేను చెప్పాను. చక్కెర మానేశానని ఆమె చెప్పింది. మానేసిన సంగతి నాకు తెలియదు.

ఇక్కడిదాకా నేను నవ్వుతూనే ఉన్నాను. గుమాస్తా గారు మరొకటి చదివారు.

“పడుకునేటప్పుడు లైటు విషయం. మీరు ఆర్పేయాలి, వీధిలైటు పడినా ఆవిడకి నిద్రపట్టదు అన్నారు.”

“అవునండి. నా కెమెరా చార్జరుకున్న చిన్న ఎర్రదీపం మీద కూడా రుమాలు కప్పించేది.”

“ఆవిడేమో రాత్రంతా లైటు వేసుకునే పడుకుంటానన్నారు.”

పొరబాటున ఇంకెవరి కాగితమో చదువుతున్నారేమో చూడమన్నాను. చూశారు. ఆమెదే. నా భార్య గురించి నాకు తెలియని సంగతి ఒక గాజు కన్నంలోంచి, వెనక ఇంకా ఎంతోమంది టోకెన్లు పట్టుకుని వింటుండగా, కళ్లద్దాలు దించుకున్న ఒక పరాయి మనిషి చెప్పాడు. అక్కడినుంచి ఎలా కిందికి దిగానో గుర్తులేదు.

7. సాయంత్రం ఆమెకు ఫోన్ చేశాను. ఎందుకు లైటు అని అడిగాను. ఏదో అలవాటైందిలే అంది. వంటింటి కుళాయి బాగుచేయించావా అంది. కుళాయి సంగతి తరవాత, ముందు ఇది చెప్పు అన్నాను. అప్పుడు చెప్పింది.

“చీకట్లో మెలకువొస్తే నువ్వున్నావనుకుని చెయ్యి వేస్తాను. గోడ తగులుతుంది. లైటుంటే కళ్లు తెరవగానే ఎక్కడున్నానో తెలిసిపోతుంది. అంతే. నువ్వు దీన్ని పెద్దది చెయ్యకు.”

అయ్యా, ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదని నాకు తెలుసు. ఆమెకు తెలిస్తే నన్ను చంపేస్తుంది. కానీ తమ కార్యాలయం దీన్ని పొంతన లేని జవాబుల కింద లెక్కవేసింది కాబట్టి, దాని పూర్తి పాఠం తమ రికార్డులో ఉండాలని రాస్తున్నాను. మూడేళ్లు ఇద్దర్నీ చెరో దేశంలో కూర్చోబెట్టినది తమరు. ఆ మూడేళ్లలో ఆమె టీ మారింది, నిద్ర మారింది. మారినవి నాకెందుకు తెలియవని ఇప్పుడు అడుగుతున్నదీ తమరే. ఇంకో రెండేళ్లు ఆపి చూడండి, ఆమె చెప్పుల సైజు కూడా తప్పు చెబుతాను. నాకు కోపంగా ఉంది. సిగ్గుగా కూడా ఉంది. ఆ సిగ్గు తమకు రావలసింది, దారితప్పి నా దగ్గరికి వచ్చింది.

8. రెండో తిరస్కరణ పత్రం అడుగున, కంటికి ఆనని సన్నటి అక్షరాల్లో, పునఃపరిశీలన ఒక్కసారే చేస్తారని, అందులోనూ కాదంటే అయిదేళ్ల వరకు దరఖాస్తు పెట్టే వీలులేదని ఉంది. ఇది చదివి వినిపిస్తే ఆమె, “ఈసారి కూడా కాదంటే నేనే వచ్చేస్తాను” అంది. ఆమె ఆ మాట ఊరికే అనే మనిషి కాదు.

ఆమె పని గురించి తమకు నాలుగు ముక్కలు చెప్పాలి. మైనంతో ఒక్కో పన్నూ చెక్కుతుంది. పెట్టుకునేవాళ్ల మిగిలిన పళ్ల రంగు చూసి, అదే పాతబడిన తెలుపు కలిపి తెస్తుంది. మరీ తెల్లగా చేస్తే మనిషి ముఖానికి అతకదు అంటుంది. ఇక్కడ ఆమెకు పని దొరికినచోట ఒకే బల్ల దగ్గర నలుగురు కూర్చునేవారు, మంచి పరికరం ఒకరి చేతిలో ఉంటే మిగతావాళ్లు ఎదురుచూడాలి. అక్కడ కిటికీ పక్కన సొంత బల్ల ఇచ్చారు. ఆ బల్ల ఫొటో తీసి నాకు పంపింది. ఫొటో వంకరగా ఉంది, వెలుతురు తప్పుగా ఉంది, అయినా దాన్ని నేను సరిచేయలేదు. తమ దేశపు ముసలివాళ్లు హాయిగా కొరుక్కుతింటున్నదాంట్లో, నోరారా నవ్వుతున్నదాంట్లో కొంత ఆమె చేతిపని ఉంది. ఆ బల్ల వదిలేసి ఆమె రాకూడదు. వస్తే తమకు ఒక ఫైలు తగ్గుతుంది, నాకు మాత్రం జన్మంతా ఆమె ముఖం చూడటానికి ముఖం చెల్లదు.

కావున తమరు దయతలచి ఈ దిగువ ప్రార్థనలను పరిశీలించవలసిందిగా కోరుతున్నాను:

(అ) వీపును బట్టి మనిషిని గుర్తించే పద్ధతి ఏదైనా తమ దేశంలో ఉంటే, మా అత్తగారి సాక్ష్యాన్ని పూర్తి సాక్ష్యంగా స్వీకరించాలి.

(ఆ) భార్యాభర్తల జవాబులు అక్షరం పొల్లుపోకుండా సరిపోయిన ప్రతి దరఖాస్తునూ తక్షణం అనుమానించాలి. నిజంగా కాపురం చేసినవాళ్లెవరూ గురక విషయంలో ఏకాభిప్రాయానికి రారు. తమకు పెళ్లయి ఉంటే ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు.

(ఇ) మరో ఇంటర్వ్యూ జరపదలచుకుంటే, ఒక్క చిన్న మార్పు చేయాలి. భార్యాభర్తలను వేర్వేరు గదుల్లో ఉంచి ప్రశ్నించుట తమ నిబంధన. అందులో మాకు తగినంత అనుభవం వచ్చింది, ఇక కొత్తగా పరీక్షించేదేమీ లేదు. ఈసారి ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి ప్రశ్నించండి. ఆ గది తమ దేశంలో ఉన్నా సరే. నా ఖర్చులు నేను పెట్టుకుంటాను. జవాబులు తప్పు చెబితే అక్కడికక్కడే గొడవపడతాం, ఆ గొడవ విని తమరు నిర్ణయం తీసుకోవచ్చు.

పై సంగతులన్నీ గుమాస్తా గారి చేతికి ఇచ్చి ఊరుకోకుండా, తమరే స్వయంగా, కళ్లద్దాలు సరిగ్గా పెట్టుకుని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తన పెళ్లిలో తాను కనబడని వరుడు

జతపరచినవి: పెళ్లి ఆల్బం ఒకటి. అత్తగారి వాంగ్మూలం ఒకటి. పాస్‌పోర్టు సైజు ఫొటోలు, నవ్వకుండా తీసినవి, ఆరు.

మరొక మనవి: ఈ అర్జీని కవరులో పెట్టేముందు ఆమెకు ఫోన్‌లో చదివి వినిపించాను. లైటు సంగతి దాచి చదువుదామనుకున్నాను కానీ నాకు దాచడం చేతకాదు. అత్తగారి సాక్ష్యం దగ్గర పగలబడి నవ్వింది. గురక దగ్గర తిట్టింది. లైటు దగ్గర ఏమీ అనలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకుని, వింటున్నావా అన్నాను. వింటున్నా, చదువు అంది. చివరిదాకా విని ఇలా అంది.

“ఇన్ని కాగితాలు రాశావు. అసలు మాట రాయలేదేం?”

“ఏ మాట?”

“వెతుక్కో.”

మొదటినుంచీ తిరగేశాను. నివసించుటకు అని ఉంది. పునఃపరిశీలన కోరుట అని ఉంది. వీపు ఉంది, చెవులున్నాయి, తమ లిఫ్టు కూడా ఉంది. ఆ మాట నిజంగానే ఎక్కడా లేదు. అర్జీల్లో అలాంటివి రాయరే పిచ్చిదానా, ఆఫీసరు నవ్వుకుంటాడు అన్నాను.

“నవ్వుకోనీ. రాయి.”

రాస్తున్నాను. అయ్యా, నాకు మా ఆవిడ దగ్గరికి వెళ్లాలని ఉంది.